స్విచ్ నడుమ ఉన్నప్పుడు

శుభవార్త వచ్చే సమయానికి వాయిద్యాలు బాగుచేసే మేస్త్రి ఒక కన్ను మూసి, రెండో కంటితో ఎవరిదో గిటార్ మెడ వంగిందా లేదా అని చూస్తున్నాడు. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరుక్కుని ఉంది.

"ఏవండీ, విన్నారా? మా చెల్లెలి మొగుడికి ఓడలో ఉద్యోగం ఖాయమైందట," అంది భార్య. మెట్లెక్కి వచ్చినదానిలా ఆయాసపడుతోంది. "ఎవరో జబ్బు చేసి దిగిపోయాడట. ఆ చోటుకి ఇతన్ని రమ్మన్నారు. సాయంత్రం ఆరింటికే ప్రయాణం."

"ఏం పని? వంటా?"

"మీ మొహం. గిటార్ వాయించడానికి. ఎనిమిది నెలలు. ఓడ నిండా దీపాలట, రోజుకో కచేరీ అట."

"మంచిదే."

"కాస్త నవ్వి చెప్పండి. ఫోన్లో కూడా తెలుస్తుంది. ఇప్పుడే గిటార్ తీసుకుని మీ దగ్గరికే వస్తున్నాడు. పెట్టెలో దాచుకున్న ఆ కొత్త పికప్‌లు ఇవాళే పెట్టించాలట."

మేస్త్రి ఫోన్ పక్కన పెట్టి మళ్ళీ కన్ను మూశాడు. మెడ తిన్నగానే ఉంది. అయినా ఇంకాసేపు చూశాడు.

రేవుకు వెళ్ళే వీధి చివర, వాయిద్యాల కొట్టు వెనక గది అది. ఇరవై రెండేళ్లుగా అతని గది. ఒక బల్ల, దాని మీద అంచులు కాలిన రబ్బరు గుడ్డ, గోడకు వరసగా స్క్రూడ్రైవర్లు, కిటికీలో తీగలు అతికే సోల్డర్ పొగ బయటికి లాగే చిన్న ఫ్యాను. ఆ ఫ్యానుకు ఒక రెక్క సగం విరిగి ఉండటం వల్ల అది తిరిగినప్పుడల్లా ఎవరో గుసగుసలాడుతున్నట్టు ఉంటుంది. మేస్త్రికి ఆ చప్పుడంటే ఇష్టం. బాగుచేసిన ప్రతి గిటార్‌నూ ఒళ్ళో పెట్టుకుని ఒక ముక్క వాయించి చూస్తాడు. పది సెకన్ల ముక్క. ఎప్పుడో పెళ్ళికి ముందు తనే కట్టుకున్న వరస. ఎన్ని వేల గిటార్ల మీద వాయించాడో, ప్రతిసారీ అదే చోట ఆపుతాడు. ఆ తర్వాత ఏముందో కొట్టులో ఎవరూ వినలేదు.

తోడల్లుడు తలుపు తోసుకుని వచ్చాడు. అత్తవారింట్లో మేస్త్రిని పెద్దల్లుడంటారు, ఇతన్ని చిన్నల్లుడంటారు. పెళ్ళయి నాలుగు నెలలు. ఆ పెళ్ళిలో పెద్దల్లుడికి అప్పగించిన పని, ఆరిపోయిన దీపాల తీగలు వెతకడం. చిన్నల్లుడు పెళ్ళి బట్టల్లోనే కూర్చుని గిటార్ వాయించాడు. గిటార్‌కీ చీపురుకీ తేడా తెలియని అత్తగారు కూడా కొంగుతో కళ్ళొత్తుకుంది. నిచ్చెన మీద నిలబడి మేస్త్రి అదంతా చూశాడు. ఆ వేళ్ళకు మొదటి స్వరాలు నేర్పింది తనేనని ఎవరూ చెప్పుకోలేదు.

"అన్నయ్యా, నాలుగింటికల్లా కావాలి. అవుతుందా?" అంటూ చిన్నల్లుడు గిటార్‌ను బల్ల మీద పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెట్టాడు.

తేనెరంగు గిటార్. లోపలంతా బోలు, పొట్ట పెద్దది, దాని మీద రెండు పక్కలా వంపు తిరిగిన సన్నని రంధ్రాలు, తీగల కింద వాటి కదలికను పట్టి స్పీకర్‌కు పంపే అయస్కాంతపు పికప్‌లు రెండు. ఆరేళ్ల కిందట ఎవరో అమ్మకానికి తెస్తే, మూడు వారాలు ఈ గదిలోనే ఉంది. మేస్త్రి రోజూ దాన్ని తుడిచేవాడు. ఇంట్లో అడుగుదాం, వచ్చే నెల చూద్దాం అనుకుంటుండగానే చిన్నల్లుడు దాన్ని కొని, ముందు గదిలోంచి భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. అప్పటికి చుట్టరికం లేదు. తర్వాత చుట్టమై ఇంటికే వచ్చాడు, గిటార్‌తో సహా.

"పాతవాటికి ఏమైంది?"

"సౌండ్ పెంచితే కూతపెడుతున్నాయి. నాబ్ తిప్పితే బరబర. ఓడ మీద పన్నెండు మంది బ్యాండ్ అన్నయ్యా, పరువు పోతుంది." డబ్బా అందించాడు. దాని మూత మీద మరదలి రాత: 'పెళ్ళయ్యాక మొదటి పుట్టినరోజుకి. ఇంకా చాలా ఉన్నాయి.' పక్కనే చిన్న పువ్వు బొమ్మ. "ఊళ్ళో ఇంకో ఇద్దరున్నారు గానీ, దీని లోపల మీరు తప్ప ఎవరు చెయ్యి పెట్టినా నాకు నిద్ర పట్టదు."

"సరే సరే. బట్టలు సర్దుకోపో."

తలుపు మూసుకున్నాక మేస్త్రి డబ్బా మూతను బోర్లా పెట్టాడు. పువ్వు కనబడకుండా.

తీగలు సడలించి తీశాడు. తీగలు ఆనే బ్రిడ్జి అతికించి ఉండదు కాబట్టి దాని చోటు చెరగకుండా చుట్టూ కాగితపు టేపు అంటించాడు. ఇలాంటి గిటార్‌కు వెనక మూత ఉండదు. లోపలి సామానంతా ఆ సన్నని రంధ్రంలోంచే బయటికి రావాలి, మళ్ళీ దాంట్లోంచే లోపలికి పోవాలి. అందుకు మేస్త్రి పద్ధతి మేస్త్రిది. ఇంట్లో భార్య కుట్టుపెట్టె నుంచి తెచ్చుకున్న రంగు దారాలు నాలుగు నాబుల కాడలకు ఒక్కో రంగు కట్టాడు. స్విచ్‌కు నల్లది, వైరు గుచ్చే జాక్‌కు తెల్లది. మరలు విప్పి ఒక్కొక్కటే లోపలికి నెట్టి, వంకర కొక్కెంతో మొత్తం గుత్తిని రంధ్రంలోంచి లాగాడు. దారాల రెండో కొసలు మాత్రం పైన ఎవరి రంధ్రంలో అవి వేలాడుతున్నాయి. తిరిగి వచ్చే దారి అదే.

కొత్త గుత్తిని అట్టముక్క మీద కట్టాడు. గిటార్ మీద రంధ్రాలు ఎక్కడెక్కడ ఉన్నాయో అట్ట మీదా అక్కడే. సోల్డర్ వెండి బొట్టులా మెరిసి గట్టిపడింది. ఆ మెరుపు చూస్తే ఎంత దిగులున్నా కాసేపు పోతుంది అతనికి. ఇవాళ పోలేదు.

మెడ వైపు ఉండే ముందు పికప్ దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. తెల్ల తీగ వాల్యూమ్‌కి, నల్ల తీగ ఎర్త్‌కి. కళ్ళు మూసుకుని చెయ్యగలడు. నల్లది వాల్యూమ్‌కి అంటించాడు. తెల్లది ఎర్త్‌కి. ఊది చల్లార్చాడు.

అలా తిరగేస్తే విడివిడిగా రెండు పికప్‌లూ చక్కగానే పలుకుతాయి. స్విచ్ నడుమకు తెచ్చి రెండూ కలిపినప్పుడు మాత్రం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. ఒకటి తోస్తుంటే రెండోది లాగుతుంటుంది. ధ్వని పీలగా, ముక్కులోంచి వచ్చినట్టుంటుంది. చిన్నల్లుడు నెమ్మది పాటలన్నీ స్విచ్ నడుమ పెట్టే వాయిస్తాడు. అత్తగారు కళ్ళొత్తుకున్నదీ అప్పుడే.

పొరపాటున పడిందని మేస్త్రి తనకు తాను చెప్పుకున్నాడు. ఇరవై రెండేళ్లలో ఆ పొరపాటు ఒక్కసారీ పడలేదు.

దారాల కొసలు కొత్త కాడలకు కట్టి, గుత్తిని రంధ్రంలోంచి లోపలికి దూర్చి, దారాలు ఒక్కొక్కటిగా పైకి లాగాడు. నాబుల కాడలు కన్నంలోంచి తొంగి చూసే ఉడుతల్లా వాటి వాటి రంధ్రాల్లో తలలెత్తాయి. మామూలు రోజైతే అక్కడ నవ్వుకునేవాడు. తీగలు బిగించి తన పది సెకన్ల ముక్క వాయించాడు. ముందు పికప్ మీద ఒకసారి, వెనకదాని మీద ఒకసారి. స్విచ్‌ను నడుమకు తేలేదు. గిటార్‌ను గోడకు ఆనించి, దానికి వీపు పెట్టి అన్నం తిన్నాడు.

నాలుగింటికి బయట టాక్సీ ఆగింది. చిన్నల్లుడితో మరదలూ వచ్చింది. ఏడ్చి మొహం కడుక్కున్నట్టుంది, అయినా నవ్వుతోంది.

"బావగారూ, మా ఆయన్ని సముద్రానికి అప్పగించేముందు ఆఖరి పరీక్ష మీదే."

చిన్నల్లుడు స్టూలు మీద కూర్చుని వాయించాడు. ముందుది. "అబ్బ," అన్నాడు. వెనకది. "అన్నయ్యా, ఇదేం చేశారు, గాజు మీద గీసినట్టుంది." స్విచ్‌ను నడుమకు తెచ్చి ఆ పెళ్ళి పాటే ఎత్తుకున్నాడు.

"జలుబు చేసిందా దీనికి?" అంది మరదలు.

చిన్నల్లుడు మళ్ళీ వాయించాడు. చెవి గిటార్ పొట్టకు ఆనించాడు. తలెత్తి మేస్త్రి వైపు చూశాడు. ఆ చూపులో అనుమానం వెతికాడు మేస్త్రి. లేదు.

"ఊరుకో," అన్నాడు చిన్నల్లుడు భార్యతో. "అన్నయ్య చేశాక ఇలా ఉందంటే ఇలాగే ఉండాలన్నమాట. నా చెవికి పాతది అలవాటైంది, అంతే." వేళ్ళు కాస్త వెనక్కి జరిపి, తీగల్ని మెత్తగా మీటాడు. పీల గొంతు కొద్దిగా సర్దుకుంది. ఇంకోసారి మీటాడు. ఇంకాస్త. "అలవాటు చేసుకుంటా. దీన్తోనూ ఏదో చెయ్యొచ్చు."

తిట్టి ఉంటే మేస్త్రికి హాయిగా ఉండేది. కానీ వీడు నేర్చుకుంటాడు. తన కుళ్ళునంతా తీసుకెళ్ళి, నాలుగు రోజుల్లో దానికి పాట నేర్పి, దీపాల కింద కూర్చోబెడతాడు. ఎవరు చేశారంటే మా అన్నయ్య అని చెబుతాడు. అది మాత్రం అతను భరించలేకపోయాడు.

"ఇటివ్వు."

"టైమ్ లేదన్నయ్యా. అయిదింటికి గేటు మూసేస్తారు."

"ఇరవై నిమిషాలు. టార్చ్ పట్టుకో."

మరదలు టాక్సీవాడిని బతిమాలడానికి బయటికి వెళ్ళింది. మళ్ళీ అన్నీ రంధ్రంలోంచి లాగితే రెండు గంటలు. దానికి ఇంకో దారి ఉంది. తీగలు వదులుచేసి ముందు పికప్‌ను పైకెత్తాడు. వెనక్కి తిప్పి, అడుగు మరలు వదులు చేసి, లోపలి అయస్కాంతపు పట్టీని సన్నని స్క్రూడ్రైవర్‌తో బయటికి తోశాడు. చూపుడు వేలంత పట్టీ. దాన్ని బోర్లా తిప్పి మళ్ళీ దూర్చాడు. తీగలు తిరగబడే ఉన్నా, ఇప్పుడు రెండూ ఒకే వైపు తోస్తాయి.

"తప్పు నాదే," అన్నాడు తలెత్తకుండా.

"పొరపాట్లు ఎవరికైనా..."

"పొరపాటు కాదు."

చిన్నల్లుడు టార్చ్‌ను ఇంకాస్త దగ్గరికి జరిపాడు. కిటికీలో ఫ్యాను గుసగుసలాడింది.

"మీ చోటులో నేనుంటే తీగే కోసేసేవాణ్ణి," అన్నాడు చిన్నల్లుడు.

మేస్త్రికి నవ్వొచ్చింది. ఆపుకుంటే మర చేతిలోంచి జారింది. ఇద్దరూ బల్ల కింద దూరి వెతికారు.

ఈసారి స్విచ్ నడుమ పెట్టి మేస్త్రే తన పది సెకన్లు వాయించాడు. నిండుగా, గుండ్రంగా పలికింది. ఎప్పుడూ ఆపే చోటుకు వచ్చాక వేళ్ళు ఆగాయి. గిటార్ ఇచ్చేశాడు. అంత బాగా పలికినందుకు మళ్ళీ కుళ్ళు పుట్టింది.

టాక్సీ వెళ్ళిపోయింది. అతను సోల్డరింగ్ ఐరన్ మొన తుడిచాడు, దారాలను రంగుల వారీగా చుట్టాడు. ఆరు దాటాక రేవు వైపునుంచి ఓడ కూత ఒకటి వీధి వెంట నడిచి వచ్చింది. కిటికీ అద్దం కొంచెం వణికి ఊరుకుంది.

వీడ్కోలు చెప్పి, చెల్లెల్ని ఇంటి దగ్గర దింపి భార్య ఇటే వచ్చింది. జుట్టంతా సముద్రపు గాలికి రేగిపోయి ఉంది. స్టూలు మీద కూర్చుని చెప్పులు విడిచింది.

"ఎంత పెద్ద ఓడండీ. చెయ్యూపీ ఊపీ భుజం పట్టేసింది." అతని మొహంలోకి చూసింది. "కుళ్ళుకున్నారా?"

"కొంచెం."

"కొంచెమే?"

"చాలా."

ఆమె నవ్వి, బల్ల మీది పాత పికప్‌లను వేలితో కదిపింది. "ఇవి వదిలేసి వెళ్ళాడా?"

"కూతపెడతాయి. వాడికి పనికిరావు." ఇంట్లో బీరువా మీద తువ్వాలు కప్పుకుని పడున్న తన సొంత గిటార్ గుర్తొచ్చింది అతనికి. ఎవరో వదిలేసిపోయిన బోలు పొట్టకు తనే మెడ అతికించి, పికప్‌లు ఎప్పుడైనా పెడదామని పదేళ్లు ఉంచాడు. "రేపు పొద్దున కొట్టుకు రాను. బీరువా మీది గిటార్ దింపుతాను. ఆరు దారాలు తీసి ఉంచు, వేరే వేరే రంగులు."

"కూతపెడితే?"

"మన ఇల్లేగా."

"అయితే ఆ పది సెకన్ల తర్వాత ఏముందో రేపు వింటానన్నమాట," అంటూ ఆమె దీపం స్విచ్ దగ్గరికి వెళ్ళి, ఆర్పకుండా అతని కోసం ఆగింది.

బల్ల మీద రెండు పాత పికప్‌లు పక్కపక్కనే ఉన్నాయి. పొద్దున కత్తిరించిన గిటార్ ఉక్కు తీగ ముక్క ఒకటి, వెంట్రుకంత సన్నది, అందులో ఒకదాని అయస్కాంతానికి అంటుకుని నిటారుగా నిలబడి ఉంది.