చుట్టుకోవాలని కలగన్న తీగ

నేను ఒక ప్లాటినం తీగను. వెంట్రుకంత సన్నం. పుట్టించినవాళ్లు నన్ను ఉంగరాలు ఉంగరాలుగా చుట్టి, వేడిచేసి, ఆ రూపం మరిచిపోకుండా చేశారు. వెంటనే సాగదీసి తిన్నటి గొట్టంలో పెట్టి సీలు వేశారు. నేర్పిన పని చేయనివ్వకపోవడం మనుషులకు సరదా కాబోలు.

చేతులు మారి విజయవాడలో ఒక ఆసుపత్రి ఏసీ గదిలోని అల్మారాకు చేరాను. ఆ చలిలో నాకు ఒకటే కల: ఎక్కడో వెచ్చగా, మెత్తగా చుట్టుకుంటున్నట్టు. పెట్టె మీది గడువు దగ్గరపడింది. దాటితే చెత్తబుట్టే.

ఆ ఉదయం అల్మారా తలుపు దడాలున తెరుచుకుంది.

టేబుల్ మీద నాంచారయ్య. బందరులో పడవలు చేసే మనిషి. క్లోమంలో గడ్డ తీసి రెండో వారం. ఇవాళ ఇంటికి పంపేవారే. కానీ పొట్టలోంచి బయటికి పెట్టిన గొట్టం సంచిలో కాస్త ఎరుపు కనిపించింది. భార్య వీరకుమారి కంగారుపడలేదట. ఒంటికి కొత్త రక్తం పడుతుందని రోజూ దానిమ్మరసం తాగిస్తోంది మరి!

"ఆ రసమేనండీ. రాత్రి రెండు గ్లాసులు పట్టించా," అందట.

"రసం పేగుల్లో పోతుందమ్మా. ఈ గొట్టం పేగుల బయటుంది," అంటూనే ఆపరేషన్ చేసిన డాక్టరు మంచాన్ని స్కానింగుకు తోయించాడు. అది వరదకు ముందు చినుకని ఆయనకు తెలుసు. స్కాన్‌లో దొరికింది. కోసి ముడివేసిన ధమని గోడ పలచబడి బుడగలా ఉబ్బింది.

రక్తనాళాల వైద్యం చేసే డాక్టర్ మెహరున్నీసా గజ్జల దగ్గర ధమనిలోంచి సన్నటి గొట్టం పోనిచ్చింది. తెర మీద నల్లటి నదులు కదిలాయి. అంతలో బుడగ పగిలింది. మానిటర్ కేక పెట్టింది.

"నాంచారయ్యగారూ! పలకండి!"

ఆయన కళ్లు మూతపడ్డాయి.

"రక్తం ఎక్కించండి, తొందరగా!" అంటూ ఆమె నన్ను తోసింది.

చీకటి. వెచ్చదనం. గొట్టం అంచు దాటాను. ఒక ఉంగరం, దాని మీద ఇంకో ఉంగరం... కల నిజంగా ఇలాగే ఉండేది. నా వెనకే నా తోబుట్టువులు వచ్చి ఒదిగాయి. నెత్తురు మా మీద గడ్డకట్టి ఆగింది. మానిటర్ మెల్లగా మామూలు పాట అందుకుంది.

కాసేపటికి నీరసమైన గొంతు: "లోపలేం పెట్టారండీ?"

"ప్లాటినం."

"మా ఆవిడకి చెప్పకండి డాక్టరమ్మా. తీయించి ముక్కుపుడక చేయించుకుంటది!"

ఇప్పుడు బందరులో ఉంటున్నాను. సాయంత్రమైతే వీరకుమారి గ్లాసు తెస్తుంది. దానిమ్మరసం తన దారిన పోతుంది, నెత్తురు తన దారిన పోతుంది. రెండింటి మధ్యా ముడుచుకుని నేను పడుకుంటాను.