ఈరన్న సాకిన లైబ్రరీ

ఎమ్మిగనూరులో ఈరన్న ఇంటి ముందరి గదిలో ఒకప్పుడు గుంతమగ్గం ఉండేది. ఇప్పుడు గుంత మాత్రమే ఉంది. మగ్గం విప్పి, కట్టెలన్నీ తాడుతో కట్టి పంచలో గోడకు ఆనించారు. గుంత మీద అడ్డంగా పలకలు వేసి మూడు కంప్యూటర్లు పెట్టుకున్నాడు ఈరన్న. గట్టున కూర్చుని, నేతగాళ్ల మాదిరే కాళ్లు గుంతలోకి వదిలి పని చేస్తాడు. కాళ్ల దగ్గర వైర్లుంటాయి.

అతను చేసే పని ఇది. ఏ ప్రోగ్రాముకైనా ఒక ఫైలు ఎక్కడుందో తెలియాలంటే కంప్యూటరునే అడగాలి. విండోస్‌ను అడిగే తీరు ఒకటి, లినక్స్‌ను అడిగే తీరు ఒకటి, మ్యాక్‌ను అడిగే తీరు ఇంకొకటి. ఫైలు దారి రాసేటప్పుడు ఒకదానికి గీత ఎడమకు వాలాలి, మిగతా వాటికి కుడికి వాలాలి. ప్రోగ్రాములు రాసేవాళ్లకు అంత ఓపిక ఉండదు. వాళ్లు ఈరన్న లైబ్రరీని అడుగుతారు. అది ఏ సిస్టమ్‌నైనా దాని మాటలోనే అడిగి జవాబు తెచ్చిస్తుంది. ఇట్లా కలిపే ముక్కలను బైండింగులంటారు. సిస్టమ్ కొత్తది వచ్చినప్పుడల్లా దాని మాట కొంత మారుతుంది. ఈరన్న కూర్చుని మళ్లీ నేర్పాలి.

లైబ్రరీ, బైండింగు అనే రెండు మాటలు చెవిన పడి పక్కింటి పద్మ పిల్లల నోటుపుస్తకాలు తెచ్చింది. ఈరన్న వాటిని కుట్టిచ్చాడు.

పదకొండేళ్ల కింద ఆదోనిలో రంగనాథం పత్తి మిల్లు కాటా కోసం ఈరన్న దీన్ని రాశాడు. లారీ కాటా మీదికి రాగానే బరువు కంప్యూటరులోకి రావాలి, అంతే. తర్వాత అందరూ వాడుకోవచ్చని నెట్‌లో పెట్టాడు. ఫైలు ఎక్కడుందని అడగడానికి ఇంగ్లీషు అక్షరాల్లో ‘యాడ’ అని రాయాలి. ఏదైనా దొరక్కపోతే ‘లేదు’ అని వస్తుంది. ఇప్పుడు ఎక్కడో చలిదేశంలో మంచు తోసే బండ్లు ‘యాడ’ అని అడిగే కదులుతున్నాయి. ‘యాడ’ తప్పు, ‘ఎక్కడ’ అని మార్చాలని విజయవాడ నుంచి ఒకాయన ఫిర్యాదు పెట్టాడు. దాని కింద మూడు వందల జవాబులు వచ్చాయి. మంచు బండ్లవాళ్లు ‘యాడ’ పక్షాన నిలబడ్డారు. ఈరన్న చివర ‘ఈడ ఇట్లే’ అని రాసి ఆ చర్చ మూసేశాడు.

మ్యాక్ పక్క పని చూసేది బసవన్న. అతనూ ఈరన్నా మూడేళ్లు ఇంగ్లీషులో రాసుకున్నారు. ఇద్దరికీ ఒకే వానకు కరెంటు పోతుండటం చూసి, మీది ఏ ఊరంటే మీది ఏ ఊరని అడుక్కున్నారు. బసవన్నది హొళగుంద. అప్పటి నుంచి తెలుగును ఇంగ్లీషు అక్షరాల్లో రాసుకుంటున్నారు. ముఖాలు మాత్రం చూసుకోలేదు. లైబ్రరీని ఆపాలన్నా, ఇంకొకరికి ఇవ్వాలన్నా ఇద్దరూ ఒప్పుకోవాలి.

పోయిన ఏడాది ఈరన్న భార్య కవిత మగ్గం తిరిగి వేస్తానంది. చీరల సొసైటీవాళ్లు పని ఇస్తామన్నారు. గుంత ఖాళీ చెయ్యమంది భర్తను. ఈరన్న ఆ రోజే బసవన్నకు రాశాడు. బసవన్న ఒక్క మాటే జవాబిచ్చాడు. ఆ మాట చూసి ఈరన్న గుంతలోంచి కాళ్లు తియ్యలేదు. ఆ పని ఎదురింటి దేవక్కకు పోయింది.

ఈ ఏడాది సొసైటీవాళ్లు మళ్లీ కబురు చేశారు.

“సోమారం వస్తాడంట సొసైటీ ఆయన. గుంతలో మగ్గముంటే పనిస్తాడు. నీ కాళ్లుంటే ఇయ్యడు,” అంది కవిత.

“ఇడిసేకి కాదు కవితా. బసవన్న సాకమన్నాడు.”

“బసవన్న యాడుంటాడు?”

“హొళగుంద.”

“ఆడ గుంతలు లేవా?”

ఈరన్న తెర వైపు తిరిగాడు.

“బర్రెను సాకినా పాలిచ్చేది. దీన్నెవురు సాకమన్నారు నిన్ను? దేవక్క కొత్త చీర కట్టుకొని నా ముందరే తిరుగుతాంది. ఈసారి పని పోతే ఆ కట్టెలు పొయ్యిలో పెడతా. సెప్పినా.”

శనివారం పొద్దున్నే రంగనాథం ఫోను చేశాడు. మిల్లులో కొత్త కంప్యూటరు పెట్టారట, కాటా పని చెయ్యడం లేదట. ఈరన్న బసవన్నను కూడా రమ్మని చెప్పి ఆదోని బస్సెక్కాడు.

అతను పోయేసరికి కాటా మీద పత్తి లారీ నిలబడి ఉంది. తెర మీద మాత్రం ‘లారీ: లేదు’ అని ఉంది.

“ఇంత లారీ కండ్ల ముందర ఉంటే లేదంటాదేందప్పా నీ లైబ్రరీ?” అన్నాడు రంగనాథం.

“దాని మాట మారింది సేటూ. సూస్తా.”

“సూడు. గేటోడు లారీని ఇడవడు. లేని లారీని యెట్ల పంపేది అంటాండాడు.”

లారీ డ్రైవరు గిడ్డయ్య తెల్లారినప్పటి నుంచీ నీడలో కూర్చుని ఉన్నాడు. ఈరన్నను చూసి లేచి వచ్చాడు.

“అన్నా, నేనన్నా ఉన్నానా, నేనూ లేనా?”

“నిన్ను అది అడగలేదప్పా.”

“అయితే తిని వస్తా.”

“కూసో,” అన్నాడు గేటు దగ్గరి మనిషి. “లేని మనిషి బయటికి పోతే యేమని రాసుకొనేది?”

పదింటికి బసవన్న వచ్చాడు. బక్కపలచటి మనిషి. ఈరన్న పక్కన కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరినొకరు సరిగ్గా చూసుకున్నది కూడా లేదు. తెరనే చూశారు. మధ్యాహ్నానికి ‘లారీ: ఉంది’ అని వచ్చింది. గేటు తెరుచుకుంది. ఆకలి మీదున్న గిడ్డయ్య లారీని రోడ్డు పక్కన ఆపి, వాళ్లతో పాటు ఎదురు హోటలుకు నడిచాడు. బొరుగుల ఉగ్గాని, బజ్జీ చెప్పారు.

బసవన్న బజ్జీ తుంచుతూ అన్నాడు. “ఇంగెన్నాళ్లన్నా? పోయినేడే సాలించుకొమ్మంటి గదా.”

“నువ్వు సాకమంటివి గదప్పా.”

“నేనా? నేను సాకు అంటి.”

“అదే. సాకు అంటివి.”

“ఊనన్నా. సాకు అంటే సాకు. మా కన్నడంలో ఇంగ సాలు అని.”

ఈరన్న ఫోను తీసి, ఏడాది వెనక్కి జరుపుకుంటూ పోయి, టేబులు మీద పెట్టాడు. పైన అతని ప్రశ్న ఉంది: ‘బసవన్నా, దీన్ని సాకాల్నా, ఇడిసేయాల్నా?’ కింద బసవన్న జవాబు ఉంది: ‘సాకు.’

గిడ్డయ్య కూడా తల వంచి చూశాడు. “మా ఇంటామెది హొళగుందే. అన్నం పెట్టేటప్పుడు సాకు అంటే గంటె పక్కన పెడతాది. మా యమ్మకు సాకు అంటే ఇంగో మేకపిల్లను తోలుకొస్తాది. ఇద్దరికీ మధ్య నేను ఆ మాటే అనను.”

బసవన్న బజ్జీ పళ్లెంలో పెట్టేశాడు. “నేను సాలన్నా కూడా నువ్వు ఇడవకపోతే, అన్నకు మనసొప్పలేదులే అనుకొంటి. నిన్నొక్కన్ని యెట్ల ఇడిసేదని నా పక్క నేను సాకుతాంటి. మా నాయన దినాలప్పుడు కూడా కూసోని రాసినా.”

“నాకు సెప్పి ఉంటే…”

“సెప్పితి గదన్నా.”

ఉగ్గాని చల్లారింది. ఈరన్న చేతులు కడుక్కొని వచ్చి, ‘ఇంక మేము దీన్ని చూడము, కావలసినవాళ్లు తీసుకుని చూసుకోండి’ అని ఫోనులోనే ఇంగ్లీషులో రాశాడు. బసవన్న చదివి, తన ఫోనులో ఒప్పుకున్నాడు. గిడ్డయ్య ఇద్దరికీ టీ చెప్పాడు.

రంగనాథానికి చెప్పకుండా పోవడం బాగుండదని మిల్లుకు తిరిగి పోయారు.

“నిలిపేస్తే నా కాటా యేం గాను?” అన్నాడు రంగనాథం.

“ఉండేది ఉన్నట్టే నడుస్తాది. సిస్టమ్ మాత్రం మార్సొద్దు సేటూ.”

“ఎన్నాళ్లు?”

“నడిసినన్నాళ్లు.”

రంగనాథం లోపలికి పోయి కుంకుమ తెచ్చి కొత్త కంప్యూటరుకు బొట్టు పెట్టాడు. దాని మీద ‘దీనిని అప్‌డేట్ చేయరాదు’ అని కాగితం అంటించి, గేటు దగ్గరి మనిషిని పిలిచి చదివించాడు.

ఈరన్న ఇంటికి చేరి పలకలు తీశాడు. వైర్లు చుట్టి కంప్యూటర్లను బియ్యం సంచుల పక్కన పెట్టాడు. ఆదివారమంతా కవితా, అతనూ మగ్గం బిగించారు. ఏ కట్టె ఎక్కడికి వస్తుందో ఆమే చెప్పింది.

సోమవారం సొసైటీ ఆయన వచ్చాడు. కవిత గుంతలో కాళ్లు పెట్టి, ఇంట్లో ఉన్న పాత నూలుతో నేస్తోంది. ఆయన వంగి మగ్గాన్ని చూశాడు, గుడ్డను వేళ్లతో తడిమి చూశాడు, పుస్తకంలో ఆమె పేరు రాసుకున్నాడు. నూలు రేపు పంపుతానని వెళ్లిపోయాడు.

ఈరన్న గడప దగ్గర నిలబడ్డాడు. ఎక్కడ కూర్చోవాలో అతనికి తెలియలేదు.

“నిలబడినావేం? కండెలు అయిపోతాండాయి. రాట్నం కాడ కూసోని నూలు సుట్టు,” అంది కవిత.

అతను పోయి కూర్చున్నాడు. నూలు కొస పట్టుకున్నాడు.

“యే పక్కకు తిప్పాల?”

“మీ నాయన తిప్పినట్ల.”

ఈరన్న కాసేపు చక్రాన్ని చూశాడు. ఒక పక్కకు తిప్పాడు. నూలు ఊడిపోయింది. కవిత మగ్గం ఆపలేదు. రెండో పక్కకు తిప్పాడు.