మూడో పెట్టెలో బరువు

నారాయణమూర్తి మాస్టారి లెక్కలో పొడుగాటి ఇంగ్లీషు మాట ఒక గూడ్సుబండి. పెట్టెలు విడదీయాలి, బరువు ఏ పెట్టెలో ఉందో చూడాలి, అక్కడ గొంతు లేపాలి. హిందీవాళ్ళ ఊళ్ళో మా తెలుగువాళ్ళ పేట భుయ్యాడీహ్‌లో ఆయన ట్యూషన్‌కి వెళ్ళినవాళ్ళు ఇంట్లో మంచినీళ్ళు కూడా ముక్కలు చేసే అడిగేవాళ్ళు.

ఎనభై రెండులో నేనూ వెళ్ళాను. స్టేషన్లో రైళ్ళ రాకపోకలు మైకులో చెప్పే ఉద్యోగానికి ప్రకటన పడింది. మా నాన్న అసిరయ్య యార్డులో ఖలాసీ, ఏడాదిలో రిటైరైపోతాడు. ఈలోగా ఇంట్లో ఇంకొకరికి రైల్వే ఉద్యోగం రాకపోతే క్వార్టరు ఖాళీ చేయాలి. అందుకని వేసవంతా ఒకే మాట నమిలాను: ఇన్-కన్-వీ-నియన్స్. బండి లేటైతే చెప్పాల్సిన మాట అది. అంటే రోజూ చెప్పాల్సిందే.

"'ఇన్' అంటే కాదని అర్థం. ముందు తగిలించిన ఖాళీ పెట్టె అది. బరువు మూడోదాంట్లో, 'వీ'లో ఉంది! తప్పు పలికావో, మళ్ళీ నా గుమ్మం ఎక్కకు," అన్నారు మాస్టారు.

పరీక్షలో 'వీ' మీద గొంతు లేపాను. ఆఫీసరు చెవిలో చీమ దూరినట్టు ముఖం పెట్టాడు.

"ప్రొనన్సియేషన్ గడ్‌బడ్ హై," అని తనే పలికి చూపించాడు. బరువంతా తెచ్చి 'ఇన్' మీద కుమ్మరించాడు, మహానుభావుడు! నేర్చుకుని సోమవారం రమ్మన్నాడు.

"ఏటయ్యిందే పద్మా?" గుమ్మంలోనే అడిగాడు నాన్న. జరిగింది చెప్పాను.

"ఆడెలాగంటే నువ్వూ అలాగే అనీయే తల్లీ. మనకి ఇల్లుండాల గదా," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. మండుతూనే సోమవారం వెళ్ళి ఆ 'ఇన్'ని ఒత్తి ఒత్తి పలికాను. ఆఫీసరు మురిసిపోయాడు. "ఏక్‌దమ్ కరెక్ట్!" అన్నాడు. ఉద్యోగం వచ్చింది, క్వార్టరు నిలిచింది. నా తప్పు మాత్రం రోజూ లౌడ్‌స్పీకర్లో ఊరందరూ వింటున్నారు.

వారం తిరక్కుండా ప్లాట్‌ఫారం మీద మాస్టారు ఎదురయ్యారు. తప్పించుకునే దారి లేదు. చచ్చాన్రా దేవుడా అనుకుని, తిట్లు తినడానికి తల దించుకుని నిలబడ్డాను.

ఆయన అటూ ఇటూ చూసి గొంతు తగ్గించారు.

"అమ్మాయ్, ఆ ఆఫీసరు మిగతా మాటలు ఎలా పలుకుతాడో కాస్త విని చెప్పమ్మా. కొత్త బ్యాచి చేరింది."