అభిషేక్ తినని కూర

"మటన్ తక్కువ చెయ్యకు. పోరనికి పానం గదా," అంటూ దేవదానం వంటింటి గడపలో సంచి పెట్టి వెళ్ళిపోయాడు. ప్రతి యేడూ అదే మాట. అతని భార్య సుశీల ముక్కలు కడగడానికి కూర్చుంది. సైన్యంలో ఉన్న కొడుకు అభిషేక్ లడఖ్‌లో గస్తీ తిరుగుతుండగా మంచుచరియ విరిగిపడి చనిపోయిన రోజు ఇది. కాజీపేటలోని వాళ్ళింట్లో యేటా ఈ రోజున జ్ఞాపకార్థ కూటం పెడతారు. ముందుగదిలో పాటలు, పాస్టరుగారి వాక్యం, తర్వాత కొడుకును తలుచుకుంటూ తండ్రి చెప్పే సాక్ష్యం, చివర భోజనాలు. కొడుకు గురించి ఆ గదిలో ఏం చెప్పుకుంటారో సుశీల ఒక్క యేడూ కూర్చుని వినలేదు. ఆమె చోటు పొయ్యి దగ్గర.

వాడికి మటన్ అంటే ప్రాణమట! కన్నతండ్రికి కొడుకు నోటి రుచి తెలియదు, ఎవరితో చెప్పుకోవాలి? ఊహ తెలిసినప్పటి నుంచీ వాడు ముక్క ముట్టలేదు. తండ్రి పక్కన కూర్చుని పులుసుతో తినేవాడు, ముక్కలన్నీ కంచంలో ఓ పక్కకు నెట్టేవాడు. దేవదానం చెయ్యి కడుక్కోవడానికి లేవగానే వంటింట్లోకి వచ్చి వాటిని తల్లి కంచంలో వేసేవాడు. నాకు పడదమ్మా, వాసనొస్తది, నువ్వు తిను అనేవాడు. అందరూ తిన్నాక ఆమె వంతు వచ్చేసరికి గిన్నెలో అడుగంటిన పులుసే కదా మిగిలేది. మగవాళ్ళు కష్టం చేసి వస్తారు, ఆడవాళ్ళకు ముక్కలెందుకని అత్తగారు అనేది. ఆవిడ పోయింది కానీ ఆ మాట పోలేదు. మా వదినెకు పులుసైతే చాలని ఆడబిడ్డ వినోద ఇప్పటికీ నలుగురిలో మెచ్చుకుంటుంది. నిన్నెవరడిగారమ్మా! ఆ మాటకు ఇన్నేళ్ళూ నవ్వుతూ ఊరుకున్నందుకు సుశీలకు తన మీద తనకే ఒళ్ళు మండుతుంది.

ఆఖరి సెలవులో కూడా అంతే. మిలిటరీ పిల్లవాణ్ణి చూడ్డానికి చుట్టాలు ఒకరి వెనక ఒకరు వచ్చారు, చాయ్ మీద చాయ్. కూసో అమ్మా, ఇద్దరం కలిసి తిందాం అన్నాడు వాడు. వస్తున్న బిడ్డా, నువ్వు తినుకుంట ఉండు అంది. ఆమె వచ్చేసరికి ఆమె కంచం మీద మూత, మూత కింద ముక్కలు ఉన్నాయి. వాడు వాకిట్లో ఆటో ఎక్కుతున్నాడు. కలిసి తినడమంటూ మళ్ళీ రాలేదు.

ఈసారి తనూ సాక్ష్యం చెబుతానని నిన్న దేవదానాన్ని అడిగింది. నువ్వు ఏడుస్తవు, వంట సంగతి చూడు అన్నాడు. అయినా సరే చెప్పాలనుకుంది. వాడికి మటన్ పడదు, వాడి పేరు చెప్పి మీరు తింటున్నారు అని అందరి ముందూ అనాలి. కొడుకు గురించి తనకు మాత్రమే తెలిసిన సంగతి అదొక్కటే మిగిలింది ఆమెకు.

ముందుగదిలో పాట అందుకున్నారు. పరకాల నుంచి వచ్చిన ప్రవీణ్ వంటింట్లోకి తొంగిచూశాడు. అభిషేక్‌తో ఒకే దళంలో పనిచేసినవాడు, ఈ యేడే సెలవు దొరికి మొదటిసారి వచ్చాడు. తల్లిని చూడాలని నేరుగా ఇటే వచ్చానన్నాడు. సుశీల కూరగిన్నె మూత తీసింది. చిన్న గిన్నెలో ముక్కలు వేసి చేతికిచ్చింది.

"నువ్వన్న తిను బిడ్డా. మావోడు ముట్టకపోతుండె."

"అభి ముట్టకపోవుడా?" ప్రవీణ్ నవ్వాడు. "మెస్సుల మటన్ ఉంటే లైన్ల అందరికన్న ముందు వాడే ఉంటుండె. నా గిన్నెలకెల్లి గుంజుకుంటుండె అమ్మా."

"ఇంట్ల తినకపోతుండె," అంది సుశీల.

అతని నవ్వు పోయింది. చేతిలో గిన్నె కింద పెట్టేశాడు.

"మా అమ్మ అందరి ఎనుక తింటది, ఆమెకు ముక్క మిగలదు, నాకు పడదంటెనే తింటది అని అభి అన్నడమ్మా."

సుశీల పీట లాక్కుని కూర్చుంది. ఎంత ఇష్టంగా తిన్నది ఆ ముక్కలు! వాడు ఎదురుగా కూర్చుని చూస్తుంటే, బొమికలు కూడా వదలకుండా తిన్నది. రారా, ఇద్దరం చెరి సగం తిందామని ఒక్కనాడూ అనలేకపోయింది. తల్లికింత కూర పెట్టడానికి పసివాడు అబద్ధమాడాల్సిన ఇల్లు ఇది. ఏమీ తెలియని తండ్రి చెప్పిందే నిజమైంది. అన్నీ తెలుసనుకున్న తనకేమీ తెలియదు. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

ముందుగదిలో ఆమెన్ వినిపించింది. వదినా, మగవాళ్ళు కూర్చున్నారు, పెట్టు అంటూ వినోద వచ్చింది. సుశీల కళ్ళు తుడుచుకుని లేచింది. పైఅరలోంచి అభిషేక్ కంచం తీసి అన్నం పెట్టుకుంది, మంచి ముక్కలు ఏరి వేసుకుంది. వినోద నోరు తెరుచుకుని చూస్తుండగా ముందుగదిలోకి నడిచి, దండ వేసిన యూనిఫాం ఫోటో కింద, దేవదానం పక్క కుర్చీలో కూర్చుంది.

"ఏందే ఇది? వచ్చినోళ్ళు ఇంక తినలే," అన్నాడు దేవదానం గొంతు తగ్గించి.

సుశీల మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది.

"మీరు చెప్పేది నిజమే. వానికి మటనంటే పానమే," అంది. "నేను తినాలని ఇడిసిపెట్టిండు. గంటె గిన్నెల్నే ఉంది, లేసి పెట్టుకోండ్రి."