ఎర్ర ఊలు చుట్టిన గొడుగు

నోయా రేవులో నా బార్ గుమ్మం పక్కన ఒక ఇత్తడి బాన ఉంటుంది. తడి గొడుగులన్నీ అందులోనే. అన్నీ నల్లవే. వెళ్ళేటప్పుడు ఎవరి చేతికి ఏది తగిలితే అది పట్టుకుపోతారు, మర్నాడు తెచ్చి పడేస్తారు. గడ్డకట్టే చలి లేకపోయినా, ఎండకి మొహం వాచిపోయేలా నెలల తరబడి సన్నగా కురిసే మా ఊళ్ళో దాన్ని దొంగతనం అనరు.

అందుకే సబేలా తన మొగుడు ఎలాదియో గొడుగు పిడికి ఎర్ర ఊలు చుట్టి కుట్టింది. పోయిన శీతాకాలం ఆ గొడుగుతోనే ఎలాదియో సముద్రం మీది కొండ అంచు దారిన వెళ్ళాడు. సముద్రం మనిషినీ ఇవ్వలేదు, గొడుగునీ ఇవ్వలేదు. రేపు కోర్టులో సబేలా సంతకం పెడితే అది ప్రమాదమే. ఇక ఎవరూ ఏమీ అడగరు.

ఆ సాయంత్రం ఆమె బానలోకి చూసి కొయ్యబారిపోయింది.

"దోసిందక్కా..." అని నన్ను పిలిచింది.

గొడుగుల మధ్య ఎర్ర ఊలు.

"ఎవరు తెచ్చారు?"

"చూళ్ళేదే. వంటింట్లో ఉన్నాను. ఎవరు తీస్తారో చూద్దాం."

"ఎవడైనా ఏదైనా తీస్తాడక్కా," అంది గుసగుసగా. "ఏదీ తీయనివాణ్ణి చూడాలి."

లోపల ఇద్దరే. పేకముక్కలు సర్దుకుంటున్న ముసలి ఫర్రూకో, వైన్ తాగుతున్న బ్రేషో. బ్రేషో ఎలాదియో తమ్ముడు. ఆ రోజు అన్నని చూడనే లేదని జడ్జి ముందు ప్రమాణం చేసినవాడు.

ఫర్రూకో లేచాడు. "ఈ వాన నా పాడె లేస్తేగానీ ఆగదు."

"అప్పుడూ ఆగదులే తాతా, గొడుగు పట్టుకునే పడుకో," అన్నాను. నా నవ్వు నాకే వికారంగా వినిపించింది.

అతను బానలో చెయ్యి పెట్టి ఎర్ర పిడే లాగాడు. "ఎవడిదర్రా ఈ సింగారం?" అని మళ్ళీ పడేసి, వేరేది తీసుకుపోయాడు.

బ్రేషో గ్లాసు పెదవుల దగ్గరే ఆగిపోయింది. డబ్బు బల్ల మీద పెట్టి, బాన వైపు చూడకుండా తలుపు తీశాడు.

"గొడుగేది బ్రేషో?"

"తేలేదు వదినా."

సబేలా అతని భుజం మీద చెయ్యి వేసింది. "తెల్లారకముందు నించీ వాన. నీ కోటు పొడిగా ఉందేం?"

అతను తలుపు మీంచి చెయ్యి తీసేశాడు.

"చీకట్లో అటక మీంచి ఏదో లాగాను. చేతికి తొడుగులున్నాయి... చూసుకోలేదు."

"నీ అటక మీదికి ఎలా వచ్చింది?"



"పడవ అమ్ముదామన్నాను వదినా. వినకుండా కొండ అంచున పోతుంటే ఆపడానికి గొడుగు పట్టుకుని లాగాను. అంతే. వాడు పిడి వదిలేస్తాడనుకోలేదు."

 సబేలా ఆ గొడుగు తీసి గుండెలకి హత్తుకుంది. గౌనంతా తడిసిపోతోంది.

నేను వెళ్ళి తలుపు గడియ పెట్టాను. పోలీసులని పిలవడానికి ఫోన్ తీశాను. బ్రేషో కదల్లేదు.