పన్నెండో పాదం

చెట్లు కొరికి నీళ్ళలో కట్టలు కట్టుకునే బీవరు తోలు ఎవరైనా ఒలుస్తారు. పదునైన కత్తి ఉంటే చాలు. కానీ ఇల్లలకగానే పండగ కాదు. ఒలిచిన తోలుకు అంటుకొచ్చిన కొవ్వునూ మాంసప్పొరనూ తోలు తెగకుండా గీకి తీసేటప్పుడే మనిషి పనితనం బయటపడుతుంది. ఆ పనిలో తిర్జాను మించిన ఆడమనిషి ఆ మంచుదేశంలో నది పొడుగునా లేదని ఆమె అంటే గిట్టనివాళ్ళు కూడా ఒప్పుకునేవారు. గిట్టనివాళ్ళు కాస్త ఎక్కువమందే. ఆమె నోరు అలాంటిది.

ఇంత పనిమంతురాలికి కిందటి చలికాలం నుంచి కళ్ళు మసకబారాయి. గుడారంలో కాగే కుండ మూత తీస్తే ఆవిరి కమ్ముతుందే, అలా ఉండేది ఆమెకు లోకం. ఎవరో వచ్చారని తెలిసేది. ఎవరన్నది అడుగుల చప్పుడును బట్టి పోల్చుకునేది. ఈ సంగతి కొడుకు ఎనాక్‌కు చెప్పలేదు. కోడలు కెజియాకు అసలే చెప్పలేదు.

చెప్పకపోవడానికి కారణం పిండి బస్తాలు. ఏటా ఆకురాలే కాలంలో నీళ్ళ మీద దిగే చిన్న విమానం వాళ్ళను ఊరి నుంచి అడవిలోని వేటచోటుకు చేరుస్తుంది. అది మోసే బరువుకు లెక్కుంది. ఒక మనిషి ఎక్కాలంటే రెండు పిండి బస్తాలు దిగాలి. అందుకని పని చేయగలిగినవాళ్ళే ఎక్కుతారు. తిర్జా చెల్లెలు డోర్కస్ మూడేళ్ళ కిందట ఎనాక్‌కు తోలు జోడు కుట్టి, చూపు ఆనక రెండూ కుడికాలికే కుట్టింది. అందరూ నవ్వారు, డోర్కస్ కూడా నవ్వింది. ఆ ఏడు విమానం ఎక్కేటప్పుడు ఎనాక్ నెమ్మదిగా, “వచ్చే ఏడు చూద్దాంలే పిన్నీ” అన్నాడు. ఆ వచ్చే ఏడు ఇంతవరకూ రాలేదు. డోర్కస్ ఊళ్ళో చెక్క ఇంటి కిటికీ పక్కన కూర్చుని ఉంటుంది. ఏటా మంచు కరిగి వాళ్ళు ఊరికి తిరిగిరాగానే అక్క చేతులు రెండూ పట్టుకుని వాసన చూస్తుంది. బీవరు కొవ్వు వాసన నెలల తరబడి చేతుల్ని వదలదు.

ఆ కిటికీ పక్కన రెండో కుర్చీ తనకోసం ఉందని తిర్జాకు తెలుసు. దాని మాట తలచుకుంటేనే ఆమెకు భయం.

జనవరిలో ఒకరోజు ఎనాక్ మూడు బీవర్లు తెచ్చాడు. మర్నాడు పొద్దున్నే అత్తాకోడళ్ళు గుడారంలో, స్ప్రూస్ చెట్ల కొమ్మలు పరిచిన నేల మీద ఎదురెదురుగా కూర్చున్నారు. తిర్జా మొదటిదాన్ని వెల్లకిలా పడుకోబెట్టి, నాలుగు పాదాలూ కీళ్ళ దగ్గర కోసి కుడి మోకాలి పక్కన పెట్టింది. కింది పెదవి నుంచి తోక మొదలుదాకా ఒకటే గీత గీసింది. గీతలోకి బొటనవేలు దూర్చి, కత్తి అంచును మాంసం వైపు వాల్చి, కొద్దికొద్దిగా విడదీసుకుంటూ పోయింది. చెవుల దగ్గర, కళ్ళ దగ్గర నిదానించింది. పేగులు ఎడమపక్క ఉన్న బేసినులో వేసింది. అవి కుక్కలకు.

ఎముకలు మాత్రం కుక్కలకు వేయరు. పుర్రెను చెట్టుకు కడతారు, తక్కినవి మూటగట్టి మంచులో తవ్విన బొక్కలోంచి తిరిగి నీళ్ళకే ఇచ్చేస్తారు. తన ఎముక కుక్క నోటపడితే బీవరు మళ్ళీ ఆ మనిషి చేతికి దొరకదు. ఇది అక్కడ పాలుతాగే పిల్లకు కూడా తెలుసు.

“నీ కత్తి ఏడుస్తోందే. నూరుకో,” అంది తిర్జా.

“సీలు తోళ్ళు ఒలిచిన చేతులివి అత్తా. మా సముద్రం వైపు ఇట్టాంటివి చిన్నపిల్లలు ఒలుస్తారు.”

“సీలుకు జానెడు కొవ్వు. కళ్ళు మూసుకుని ఒలవొచ్చు. ఇది బీవరు.”

“నువ్వు కళ్ళు తెరుచుకునే ఒలుస్తున్నావా?”

“నా కళ్ళ గొడవ నీకెందుకు? ముందు నీ తోలు చూసుకో.”

మధ్యాహ్నం గీకుడు మొదలైంది. నున్నగా చెక్కిన దుంగ ఒక కొస నేలకు, ఒక కొస పొట్టకు ఆనించి, దాని మీద తిర్జా తోలును బొచ్చు కిందికి వచ్చేలా పరిచింది. ఆమె గీకుడెముక ఎలుగుబంటి కాలిది. వాళ్ళమ్మ వాడినది. కొసన సన్నటి పళ్ళు, మణికట్టుకు తగిలించుకునే తోలుదారం. కొవ్వు మీద నడుస్తున్నంతసేపు ఆ ఎముక చప్పుడు మెత్తగా ఉంటుంది. తోలు తగలగానే కీచుమంటుంది. ఆ కీచు వినగానే చెయ్యి తేలిక చేయాలి. కుడిచెయ్యి తోస్తుంటే ఎడమ అరచెయ్యి వెనకాలే తడుముతూ వస్తుంది. చంకల కింద తోలు పలచన, అక్కడ ఊపిరి బిగబట్టాలి. ఇందులో కళ్ళతో పనేముంది? అందుకే ఏడాదిపాటు ఎవరికీ అనుమానం రాలేదని తిర్జా నమ్మకం.

గీకిన తోళ్ళను గుండ్రంగా వంచిన కొమ్మచట్రాలకు వేలెడు దూరానికొక కుట్టు చొప్పున బిగించి, పొద్దు వాలేముందు పాదాలు మూట కట్టడానికి కూర్చుంది. మూడు బీవర్లకు పన్నెండు పాదాలు. తడిమి లెక్కపెట్టింది. పదకొండు. మళ్ళీ లెక్కపెట్టింది. పదకొండే. కొమ్మల కింద వేళ్ళు పెట్టి వెతికింది. అప్పుడు గుర్తొచ్చింది. మూడో బీవరు దగ్గరికి తిరిగి కూర్చున్నప్పుడు బేసినును తానే కుడివైపుకు, పాదాల పక్కకు జరిపింది. ఆ బేసినును తానే కుక్కల దగ్గర కుమ్మరించి వచ్చింది.

తప్పిపోయింది ముందు పాదం. బీవరు ముందు పాదం చిన్న చెయ్యిలాగే ఉంటుంది, ఐదు వేళ్ళతో. తిర్జా పదకొండింటినీ మూటగట్టి, నోరు మెదపకుండా కొడుకు చేతికిచ్చింది. ఎనాక్ మూట విప్పి చూడలేదు. తల్లి కట్టిన మూట విప్పి చూసే కొడుకు ఎవడు?

ఆ మర్నాడు ఉచ్చుల్లో ఏమీ పడలేదు. ఆ పైరోజూ అంతే. అలా ఆరు రోజులు.

“ఎరకు పెట్టిన కొమ్మను శుభ్రంగా కొరుక్కుపోతోంది, ఉచ్చు మీద కాలు మాత్రం పెట్టట్లా,” అన్నాడు ఎనాక్ మంచు దులుపుకుంటూ. “నన్ను చూసి నవ్వుతున్నట్టుంది.”

“నీ మొహానికి నవ్వకేం చేస్తది,” అంది కెజియా. అతను నవ్వలేదు.

ఏడోరోజు కుక్కల దగ్గర మంచు ఊడుస్తుంటే అతనికి ఒక ఎముక ముక్క దొరికింది. రెండు గోళ్ళు ఇంకా దానికే ఉన్నాయి. దాన్ని తెచ్చి రేకు పొయ్యి పక్కన పెట్టాడు. ఎనాక్ గొంతు పెంచే మనిషి కాదు. పెంచకపోవడమే భయంగా ఉంటుంది.

“ఇది కుక్కలకు ఎవరేశారు?”

అతను పెళ్ళాం వైపు తిరిగాడు.

“మీ సముద్రం వైపు కుక్కలకు ఏమేస్తారో నాకు తెలియదు కెజియా. ఇక్కడ ఇది వేయం. ఈ కాపురానికొచ్చి ఎనిమిదేళ్ళయింది.”

కెజియా ఆ ఎముక ముక్క వైపు చూసింది, అత్త వైపు చూసింది, చేతిలోని గుడ్డను పిండుకుంది. అవుననలేదు, కాదనలేదు. తిర్జా దొంగకు తేలు కుట్టినట్టు కూర్చుంది. నోరు తెరిస్తే కుర్చీ. తెరవకపోతే కోడలి మీద నింద. ఆ కోడలంటే ఆమెకేమీ వల్లమాలిన ప్రేమ లేదు. రొట్టె మాడుస్తుంది, ఎదురు చెబుతుంది. అయినా పరాయి చోటు నుంచి వచ్చిన పిల్ల. ఇక్కడ వేట పోయిందంటే ‘ఆ సముద్రం పిల్ల వచ్చాకే’ అని ఊరంతా అంటుంది. అన్నవాళ్ళు ఊరుకోరు, పిల్లలకూ చెబుతారు.

రెండు రోజులు తిర్జాకు తిండి సయించలేదు. చేపల పులుసు తప్ప తినడానికి పెద్దగా ఏమీ లేదు కూడా. ఎనాక్ పెళ్ళాంతో మాట్లాడటం మానేశాడు. కెజియా పాటలు మానేసింది. ఆ పిల్ల కూనిరాగాలు తీస్తే విసుక్కునే తిర్జాకు ఆ నిశ్శబ్దం భరించరానిదైంది.

మూడోరోజు మధ్యాహ్నం ఎనాక్ తింటుండగా చెప్పేసింది.

“ఆ పాదం కుక్కలకేసింది నేను.”

అతను నమలడం ఆపాడు. “కోడలి మీద జాలిపడి నెత్తినేసుకోవద్దమ్మా.”

“దాని మీద నాకు జాలేందిరా. నేనే వేశాను. కనపడక వేశాను.”

పొయ్యిలో కట్టె చిటపటలాడింది. కెజియా పళ్ళెం కింద పెట్టిన చప్పుడైంది.

“ఎప్పటినుంచి?”

“పోయిన చలికాలం నుంచి.”

“మరి ఈ తోళ్ళన్నీ?”

“చేతులకు కనపడుతూనే ఉన్నయ్యి.”

“ఇప్పుడు నేనెంత కనపడుతున్నా?”

“కూర్చున్నావని తెలుస్తోంది. మొహం ఎట్టా పెట్టావో తెలియట్లా. తెలియకపోతేనే మంచిదిలే.”

ఎనాక్ పెళ్ళాం వైపు తిరిగి, “ఆ మాట అనకుండా ఉండాల్సింది,” అన్నాడు. ఆమె “ఊఁ” అంది. తర్వాత లేచి, కోటు తొడుక్కుంటూ తల్లితో నెమ్మదిగా అన్నాడు.

“వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు చూద్దాంలే అమ్మా.”

ఆ మాట, ఆ గొంతు తిర్జాకు తెలుసు. డోర్కస్‌తో అన్నప్పుడు పక్కనే ఉంది. చెప్పినందుకు బాధపడలేదు గానీ ఏడుపొచ్చింది.

సాయంత్రం తిర్జా కోడలి చెయ్యి పట్టుకుని గడ్డకట్టిన చెరువు మీదికి నడిచి, బొక్క దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది. దొరికిన ఎముక ముక్కను నీళ్ళలో వదిలింది. చిటికెడు పొగాకు కూడా వేసింది. “చూడకుండా చేసింది కాదు, చూడలేక చేసింది. ముసలిదాన్ని. ఎనాక్ మీద కోపం పెట్టుకోవద్దు, వీడికి పిల్లలున్నారు, స్కూల్లో ఉన్నారు, వేసవికి వస్తారు,” అని బీవరుకు, ఇరుగుపొరుగుతో చెప్పినట్టే చెప్పింది. ఇంకేమీ చేయలేదు. చేసేది అంతే.

ఆ తర్వాత నాలుగోరోజు ఎనాక్ ఒక పెద్ద బీవరును తెచ్చి తల్లి ముందు పడేశాడు. బీవరు క్షమించిందనేవాళ్ళు ఉన్నారు, ఎనాక్ ఉచ్చులను బీవర్లు కట్టిన ఎగువ కట్టకు మార్చాడు కాబట్టి పడిందనేవాళ్ళూ ఉన్నారు. వాదించుకునే ఓపికున్నవాళ్ళు వాదించుకోవచ్చు. ఆ రోజు మాత్రం గుడారంలో మాంసం పొయ్యి ముందు తాడుకు వేలాడుతూ గిర్రున తిరిగింది, కొవ్వు చుక్కలు చుక్కలుగా పళ్ళెంలో పడింది.

ఆ బీవరును ఒలిచేటప్పుడు కెజియా నాలుగు పాదాలనూ తన వైపు పెట్టుకుంది. ఒలుస్తూ ఉన్నట్టుండి అంది.

“ఆ రోజు బేసినులోంచి పాదం జారడం నేను చూశా. పరిగెత్తా కూడా. ఆ నల్లకుక్క అప్పటికే నోట కరుచుకుంది.”

“మరి మొగుడు అడిగినప్పుడు నోరెందుకు కుట్టుకున్నావే?”

“నువ్వు ఊళ్ళో ఉండిపోతే చలికాలమంతా ఈ తోళ్ళన్నీ నేనొక్కదాన్నే గీకాలి. నాకేమన్నా పిచ్చా?”

తిర్జా కత్తి కింద పెట్టింది. “నా కళ్ళ సంగతి నీకెప్పుడు తెలిసింది?”

“రోజూ పొద్దున్నే దారమెక్కించిన సూది నీ దుప్పటికి గుచ్చి ఉంటదిగా. దయ్యాలెక్కిస్తున్నయ్యనుకున్నావా?”

నిజంగానే రాత్రి తానే ఎక్కించి మరిచిపోయానని తిర్జా అనుకుంటూ వచ్చింది. నోరున్న మనిషికి మాట దొరకకపోవడం కెజియా అప్పుడే చూసింది. చివరికి, “చంక దగ్గరికొచ్చావు. చెయ్యి తేలిక చెయ్యి,” అంది.

మంచు కరిగింది, ఊరికి వచ్చారు. వేసవి అంతా ఎనాక్ ఆ సంగతి ఎత్తలేదు. తిర్జా అడగలేదు. అడిగించుకునే మనిషి కాదు ఆమె, అడిగే మనిషీ కాదు.

సెప్టెంబరులో విమానం వచ్చి రేవులో ఆగింది. తిర్జా మంచి రుమాలు తలకు కట్టుకుని, గీకుడెముకను గుడ్డలో చుట్టుకుని రేవుకు వెళ్ళింది. దాన్ని కోడలి చేతిలో పెట్టి సాగనంపుదామని. బోర్లించిన పడవ మీద డోర్కస్ కూర్చుని ఉంది. పక్కకు జరిగి చోటిచ్చింది.

“ఇట్టా కూర్చో అక్కా. ఇటు గాలి తగలదు.”

తిర్జా కూర్చుని చెవులతో చూసింది. ఎనాక్ బస్తాలు ఎక్కిస్తున్నాడు. విమానం అడుగున పిండి బస్తా పడితే ధబ్బుమని ఒక బరువైన చప్పుడు. ఆమె లేకుండా వెళ్తే పది పడతాయి. ఆరు. ఏడు. ఎనిమిది. తొమ్మిదోదాని కోసం ఊపిరి బిగబట్టింది. అది పడలేదు. తలుపు దగ్గర కెజియా పైలట్‌తో ఏదో అంటోంది. తర్వాత రేవు చెక్కల మీద అడుగులు. ఎనాక్ అడుగులు.

“లే అమ్మా. గాలి తిరక్కముందే ఎగరాలంట.”

“పిండి?”

“రెండు బస్తాలు దింపేశా. మాంసం ఎక్కువ తింటాం.” దింపిన బస్తాల వైపు చెయ్యి చూపి, “అవి నీకు పిన్నీ,” అన్నాడు. డోర్కస్ మొహంలోకి చూడకుండా అన్నాడు.

“రెండు బస్తాలు ఒక్కదాన్నే ఏం చేసుకోను రా,” అంది డోర్కస్.

తిర్జా లేచింది. డోర్కస్ ఆమె చేతులు రెండూ పట్టుకుని మొహానికి ఆనించుకుంది. వేసవి చేతులు, వాటికి సబ్బు వాసన తప్ప ఏమీ లేదు. అయినా ఇంకాస్తసేపు వదల్లేదు.

“వచ్చేటప్పుడు కడుక్కోకుండా రా అక్కా,” అంది.