బయ్యమ్మ చెప్పిన చోట్లు

మార్కాపురంలో ఒక స్వచ్ఛంద సంస్థలో గోపిక పనిచేస్తుంది. అడవి సరుకు తెచ్చే చెంచు కుటుంబాల వివరాలు నమోదు చేసే యాప్ తయారుచేయడం ఆమె పని. కోడ్ రాయడం పెద్దగా రాదు. ఏం కావాలో చెబితే రాసిపెట్టే ఏఐ టూల్‌ను ఆఫీసు వాళ్లు లాప్‌టాప్‌లో పెట్టించారు.

సోమవారం ఆ టూల్ పనిచేస్తుండగా తెరమీద చిన్న పెట్టె లేచింది. డాక్యుమెంట్లు చూడటానికి అనుమతి కావాలట. గోపిక పూర్తిగా చదవకుండానే ఒప్పుకుంది. కాసేపటికి ఫోటోలు అడిగింది. దానికీ సరేనంది. మూడోసారి మైకు అడిగేసరికి ఆమె చెయ్యి ఆగింది. ఆ యాప్‌లో మైకుతో పనే లేదు.

అప్పుడు బయ్యమ్మ ఫైలు గుర్తొచ్చింది.

బయ్యమ్మది పెద్దారవీడు దగ్గర గూడెం. చూపు తగ్గిపోతోంది. తన ఇంటివాళ్లు తరతరాలుగా తేనె తీసే కొండచరియలు ఎక్కడెక్కడున్నాయో పోయిన వేసవిలో గోపికకు చెప్పి ఆ లాప్‌టాప్‌లోనే రాయించింది. హాస్టల్లో చదివే మనవరాలు శైలజ పెద్దయ్యాక ఇవ్వమంది. "నా కోడలికి గూడా చెప్పలే. ఎవురికీ చూపీయొద్దు పాపా" అంది.

గోపిక 'వద్దు' నొక్కింది. పెట్టె మళ్లీ వచ్చింది. ఎన్నిసార్లు వద్దన్నా వస్తూనే ఉంది, పని కదలడం లేదు. ఇప్పటిదాకా ఏమేం చదివావని టూల్‌నే అడిగింది. అది మర్యాదగా ముప్ఫై ఒక్క ఫైళ్ల పేర్లు చూపించింది. పదిహేడోది బయ్యమ్మది.

పై అధికారి నిత్యానందం దగ్గరికి పోయి చెప్పింది.

"అట్లనే అడుగుతుంటాయమ్మా అవి. ఒప్పుకో. రేపు పైవాళ్లొస్తే ఏం చూపిస్తాం?"

"బయ్యమ్మవ్వ చెప్పినవన్నీ చదివినాది సార్."

"చదివితే ఏమైతాది? అది కొండెక్కి తేనె తీస్తదా?"

"చదివినవి ఎక్కడికి పోయినాయో తెలీదు గదా."

"నాకూ తెలీదు. తెలుసుకునే దారీ లేదు. పోయి పని చూడు."

గోపిక ఆ ఫైలును పెన్‌డ్రైవ్‌లోకి తీసుకుని లాప్‌టాప్‌లో చెరిపేసింది. అది చదివినదాన్ని మాత్రం వెనక్కి తీసుకోలేనని తెలుసు. ఈ ఉద్యోగం పోతే ఊళ్లో ఇలాంటిది ఇంకొకటి దొరకదనీ తెలుసు. మైకుకు కూడా ఒప్పుకుని సాయంత్రానికి యాప్ పూర్తిచేసింది.

మర్నాడు పైవాళ్లు చూసి మెచ్చుకుని వెళ్లారు. గోపిక ఆటో ఎక్కి గూడేనికి పోయింది. బయ్యమ్మ గుడిసె ముందు కూర్చుని, చేతులతో తడుముతూ కుంకుడుకాయలు ఏరుతోంది.

"అవ్వా, నువ్వు చెప్పిన చోట్లు బయటికి పోయినాయేమో. తప్పు నాదే."

"ఎవురికి చెప్పినావు?"

"మనిషికి కాదు. ఒక మిషను చదివినాది. దాని ఎనకాల ఎవరున్నారో నాకు తెలీదు."

బయ్యమ్మ చేతులు ఆగాయి. "ఫారెస్టోళ్లయితే పోయి బతిమాలుకుందును. పక్క గూడెపోళ్లయితే పంచాయితీ పెడుదును. ఎవురో తెలీనోళ్లతో నేనేం మాట్లాడాల?"

గోపిక ఆమె పక్కన నేలమీద కూర్చుంది.

"ఎన్ని చోట్లు చెప్పినాను నీకు?" బయ్యమ్మ అడిగింది.

"పదకొండు, అవ్వా."

"ఇంగా నాలుగున్నాయి. ఈ ఎండాకాలం చెప్దామనుకుంటి." బయ్యమ్మ మళ్లీ కాయల్లో చెయ్యి పెట్టింది. "అయ్యి నాతోనే ఉండనీ."

శైలజ చదువు ముగించుకుని రావడానికి ఇంకా ఆరేళ్లు. అప్పటిదాకా అవ్వ ఉంటుందో లేదో.